హైవే హోటల్లో ‘పులస ఉంది’ అంటే ముందు రేటు, తర్వాత చేప చూడండి: గోదావరి జిల్లాలకు పని మీద వచ్చేవాళ్లకు హెచ్చరిక

మెడికల్ రెప్‌లు, బ్యాంకు ఆడిటర్లు, సర్వీసు ఇంజనీర్లు, రొయ్యల చెరువుల పని మీద తిరిగేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సీజన్ కాని నెలలో, డెల్టాలో హైవే పక్కనున్న ఒక ఏసీ రెస్టారెంట్‌లో పులస అని చెప్పి వేరే చేప పెట్టారు. ముక్కకు రూ.1,200 వేశారు. రేటు మెనూలో లేదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేదు, జీఎస్టీ మాత్రం ఉంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి హోటల్ పేరు రాయడం లేదు. అయినా ఇది ఒక్క హోటల్ సంగతి కాదు, ఇలాంటి బోర్డులు దారి పొడుగునా కనిపిస్తున్నాయి.

ఫిబ్రవరిలో భీమవరం వైపు చెరువుల మీద ఏరేటర్ల (నీళ్లకు గాలి అందించే యంత్రాల) పని చూసుకుని తిరిగి వస్తున్నాం. నాతో పుణె ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు సీనియర్లు ఉన్నారు. గోదావరి వెళ్తే పులస తినాలని వాళ్లకు ఎవరో చెప్పారట. బోర్డు చూడగానే కారు ఆపించారు. ఇది పులస కాలం కాదని నేను చెబుతూనే ఉన్నాను. సర్వర్ అందుకుని, ‘ఆయ్, మా దగ్గర ఏడాదంతా ఉంటాదండి, రాత్రే గోదావరిలో పడిందండి’ అన్నాడు. రేటెంత బాబూ అంటే, ‘సైజుని బట్టండి, మీకు ఎక్కువేం వెయ్యమండి’ అన్నాడు. చేప చూపించమంటే ఇప్పటికే పులుసులో పడిపోయిందన్నాడు. వచ్చినవాళ్లు ముచ్చటపడుతున్నారు, ఆర్డర్ వెళ్లిపోయింది.

వచ్చిన ముక్క చూస్తే లావుపాటి మాంసం, అక్కడక్కడ ముళ్లు. పులస తిన్నవాళ్లెవరైనా చెబుతారు, అందులో వెంట్రుకల్లాంటి సన్న ముళ్లు ముక్కంతా ఉంటాయి, ఏరుకుంటూ నిదానంగా తినాలి. కొవ్వు చేప, పులుసు మీద నూనె తేలుతుంది. మా ప్లేట్లలో పడింది చెరువులో పెంచిన శీలావతిలా ఉంది. శీలావతి మంచి చేపే, మా జిల్లాల చెరువుల నుంచి దేశమంతా వెళ్తుంది. కానీ ఆ రేటుకు కాదు. తలకాయ తెచ్చి చూపించమంటే అయిపోయిందన్నారు. మేనేజర్ని పిలిస్తే, ‘ఒడిశా నుంచి ఐసులో వస్తదండి, అదీ పులసేనండి’ అని మాట మార్చాడు. రాత్రి గోదావరిలో పట్టిన చేప గంటలో ఒడిశా నుంచి ఎలా వచ్చిందో అతను చెప్పలేదు.

అసలు సంగతి బయటి ఊళ్ల వాళ్లకు తెలియాలి. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీళ్లు తగిలాక గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది నదిలోకి వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాకా ఆ ఈత సాగుతుంది. మంచినీళ్లలో ఈదేకొద్దీ దాని రుచి మారుతుంది, అప్పుడే అది పులస. అంటే సుమారుగా జూలై నుంచి సెప్టెంబరు దాకా, వరద ఆలస్యమైతే మరికొన్నాళ్లు. వలకు పడేదే తక్కువ. పడింది యానాం లాంటి చోట వేలంలో వేలు పలుకుతుంది, ఒక్క చేప ఇరవై వేలు దాటిన సందర్భాలూ ఉన్నాయి. చాలావరకు ముందే ఫోన్లలో చెప్పి పెట్టుకున్నవాళ్ల ఇళ్లకు పోతుంది. అక్కడ మట్టి దాకలో బెండకాయలు వేసి, సన్న సెగ మీద పులుసు పెట్టి, మర్నాడు తింటారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట ఊరికే రాలేదు. అలాంటి చేప ఫిబ్రవరిలో, హైవే మీద, పది నిమిషాల్లో ప్లేటులోకి రాదు.

ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చేప కూడా ఆ జాతిదే. దాన్ని ఇలస అని చెప్పి, దాని రేటు రాసి అమ్మితే తప్పేమీ లేదు, రుచిగానే ఉంటుంది. పులస పేరు పెట్టి అమ్మడమే మోసం. మాకు అదీ దక్కలేదు.

ఇక బిల్లు. మూడు ముక్కలు రూ.3,600. మూడు భోజనాలు రూ.750. మూడు నిమ్మకాయ సోడాలు, ఒక్కోటి రూ.90. మేం అడగకుండానే తెచ్చి మూత తీసిన రెండు వాటర్ బాటిళ్లు రూ.100. దాని మీద సర్వీస్ ఛార్జీ పది శాతం, ఆ మొత్తం మీద జీఎస్టీ అయిదు శాతం. సర్వీస్ ఛార్జీ దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ సంగతి ఫోన్లో తీసి చూపించగానే ఆ లైను కొట్టేశారు. చేప మీద మాత్రం పైసా తగ్గలేదు. రూ.4,956 కట్టి బయటపడ్డాం.

నీళ్ల బాటిల్ మీద గొడవ పెట్టుకుంటే మీకే టైము దండగ. టేబుల్ దగ్గర వడ్డించే హోటల్ ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కూర్చోగానే ‘మామూలు నీళ్లు ఇవ్వండి’ అని చెప్పి, బాటిల్ మూత తీయనివ్వకండి.

ఆఫీసులో డబ్బులు క్లెయిమ్ చేసుకునేవాళ్లు అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మాకిచ్చింది కచ్చా బిల్లు. జీఎస్టీ నంబరు అంటే 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌ది అయితే 37తో మొదలవుతుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు 14 అంకెలు. రెండూ లేవు. యూపీఐ స్కానర్ కొడితే హోటల్ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు వచ్చింది. ఇలాంటి కాగితం అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోరు, మా వాళ్లూ ఒప్పుకోలేదు. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారాలకు ఉండే సులువు పన్ను పద్ధతి) ఉన్న హోటల్ అయితే కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయడానికే లేదు. నంబరే లేని చోట మా దగ్గర జీఎస్టీ అని తీసుకున్న రూ.236 ఎక్కడికి పోయింది?

మీకు ఇలా జరిగితే మెనూ పేజీ, ప్లేటు, బిల్లు ఫొటోలు అక్కడే తీయండి. మెనూ ఫొటో తీస్తుంటే మాకు అడ్డం వచ్చారు, అయినా తీశాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు. అడిగిన రకం కాకుండా వేరే ఆహారం అమ్మితే ఆహార భద్రతా చట్టం, 2006లోని 50వ సెక్షన్ కింద అయిదు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటుంది, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు కూడా లేదు.

నాకు డబ్బు కన్నా బాధ కలిగించింది మరొకటి. నేను ఈ నేల మీద పుట్టినవాణ్ణి. మా వైపు ఇంటికొచ్చినవాళ్లకు కడుపు పగిలేలా పెట్టి, ‘ఇంకో ముద్ద తినండి’ అని వెంటపడతారు. పుణె నుంచి వచ్చిన ఆ ఇద్దరూ కారులో కూర్చుని, ‘గోదావరి భోజనం అంటే ఇదేనా?’ అన్నారు. సమాధానంగా మర్నాడు ఉదయం వాళ్లను పాలకొల్లు తీసుకెళ్లి నిప్పుల మీద కాల్చిన దిబ్బరొట్టె, పానకంతో తినిపించాను. రాజమండ్రిలో రైలెక్కించే ముందు రోజ్ మిల్క్ తాగించాను. రెండు చోట్లా రేటు ముందే చెప్పారు, ఎవరూ ఏదీ అంటగట్టలేదు. అంబాజీపేట వైపు వెళ్లేవాళ్లు పనసాకుల బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు వదలకండి. మధ్యాహ్నం భోజనానికి బొమ్మిడాయిల పులుసో, రొయ్యల ఇగురో చెప్పండి, ఇవి ఇక్కడి సరుకు. రామచంద్రపురం మీదుగా వెళ్తే చల్లటి ఆర్టోస్ అడగండి, మా ప్రాంతపు పాత కూల్‌డ్రింక్ అది.

పులస మీద నిజంగా మనసుంటే వరదల టైములో రండి. ఇక్కడున్న డీలరో, కస్టమరో, తెలిసినవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేత చేప కొనిపించి, వండించుకోండి. హోటల్లోనే తినాలనుకుంటే పచ్చి చేప కళ్లతో చూడండి, కిలో రేటు, వండే ఛార్జీ కాగితం మీద రాయించుకోండి. రాయం అంటే లేచి వచ్చేయండి.

మా ఫొటోలు, యూపీఐ రసీదు కలిపి 1915కు, ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకు పంపాను. ఇంకా సమాధానం రాలేదు. రాగానే ఏం తేలిందో రాస్తాను.