అల్యూమినియం ర్యాంపులు: మోత బాధ తీరింది, పట్టీ బాధ మిగిలింది

మినీ ట్రాక్టర్‌ను పికప్‌లోకి ఎక్కించడానికి ఇనుప ర్యాంపులు మాని అల్యూమినియంవి వాడబట్టి చాలా సీజన్లయింది. తేలిక అని అందరూ మెచ్చుకుంటారు గానీ, అసలు లాభం పొడవులో ఉంది. 100 మి.మీ. ఇనుప చానల్ మీటరుకు తొమ్మిదిన్నర కిలోల దాకా తూగుతుంది. రెండు చానళ్లు, అడ్డం యాంగిళ్లు కలిస్తే 8 అడుగుల ర్యాంపు ఒక్కటే 50 కిలోలు. మోయలేక 6 అడుగులకే చేయిస్తారు. పికప్ డెక్ (సామాను వేసే వెనక అడుగు భాగం) ఎత్తు 3 అడుగులైతే వాలు 30 డిగ్రీలవుతుంది. వెనక రోటవేటర్ (దుక్కి యంత్రం) తగిలించిన ట్రాక్టర్‌ను ఆ వాలు మీద ముందుకు ఎక్కిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. 8 అడుగులదైతే వాలు 22 డిగ్రీలే, ఆ భయం బాగా తగ్గుతుంది.

ఇక నా కోపమంతా డెక్ మీద ఆనే పై పట్టీ మీదే. వెల్డు పక్కనుంచి పగిలింది. బరువు మోయలేక కాదు. వెనక చక్రం పట్టీ మీదికి రాగానే పికప్ స్ప్రింగులు కుంగి డెక్ కిందికి దిగుతుంది. ర్యాంపు కోణం మారి, పట్టీ అంచు మాత్రమే ఆనుతుంది. ఎక్కించిన ప్రతిసారీ ఆ వంపు అక్కడే పడుతుంది. 6061-టీ6 రకం అల్యూమినియం వెల్డు వేడికి ఆ పక్కన దాదాపు సగం బలం కోల్పోతుంది. పైగా ఇనుముకైతే ఒక హద్దులోపు ఒత్తిడి ఎన్నిసార్లు పడ్డా పగులు రాదు, అల్యూమినియంకు అలాంటి హద్దే లేదు. ఇనుము చాలాసార్లు ముందు వంగి చెబుతుంది, ఇది వెంట్రుక గీతతో మొదలవుతుంది. కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లితే గీత బయటపడుతుంది.

మండలాల్లోని ఆర్క్ షాపుల్లో ఇనుము అతికే 6013 రాడ్‌తో ఇది అతకదు, ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగే కావాలి. అది చేయించినా వెల్డు పక్కన మళ్లీ అదే మెత్తదనం. నిలిచిన మార్గం ఒక్కటే: పగిలిన పట్టీ కోసేసి, 8 మి.మీ. ఇనుప ప్లేటును ఒక్కో ర్యాంపుకు నాలుగు ఎం12 (12 మి.మీ.) బోల్టులతో బిగించడం. మధ్యలో ట్యూబ్ రబ్బరు ముక్క తప్పనిసరి. అదే బండిలో పొటాష్ బస్తాలు వేస్తే ఆ ఉప్పు తడికి ఇనుము తగిలిన చోటల్లా అల్యూమినియం తినేసుకుపోతుంది. బోల్టు రంధ్రాలు పై కొసనే వేయాలి. ర్యాంపు నడిభాగంలో అడుగు అంచుకు వేస్తే ర్యాంపు అక్కడే తెగుతుంది. ఎక్కించే ముందు పికప్ తోక కింద చెక్క దిమ్మ పెడితే డెక్ కుంగదు, పట్టీకి సగం కష్టం తప్పుతుంది.

తేలిక అన్నాను కదా, ఆ తేలికే చక్రం జారినప్పుడు ర్యాంపును వెనక్కి తన్నేస్తుంది. ఇనుపది తన బరువుతో కొంతైనా నిలుస్తుంది. దీనికి రెండు వైపులా గొలుసు కట్టకుండా చక్రం పెట్టొద్దు. నడుమ ఎక్కువ ఊగడం మాత్రం దాని గుణమే, ఇనుముతో పోలిస్తే బిగువు మూడో వంతే.

కరిగెట (బురద దమ్ము) దున్ని కేజ్ వీల్స్‌తోనే బండెక్కించేవాళ్లు దీని జోలికి పోవద్దు, ఆ ఇనుప చక్రాలు ర్యాంపు అడ్డమెట్లను కోసేస్తాయి. నేను రబ్బరు టైర్లతోనే, తరచుగా ఒక్కడినే ఎక్కిస్తాను. వరంగల్‌లో ఆర్గాన్ షాపు అందుబాటులో ఉంది. అందుకే వీటితోనే నడుస్తోంది. భూపాలపల్లి లోపలి ఊళ్లలో ఉండి, పక్కన ఇంకో మనిషి ఎప్పుడూ ఉంటే మాత్రం ఇనుపవే చేయించేవాడిని, అదీ 8 అడుగులవే.