మొదటి ఘటన లెక్కా, విన్ రేషియోనా: గుండె ట్రయల్స్‌లో ఏది మేలు?

గుండె మందును పరీక్షించేటప్పుడు మరణాలొక్కటే లెక్కపెడితే వేలమంది రోగులు, ఏళ్ల సమయం కావాలి. అందుకే మరణం, గుండెపోటు, పక్షవాతం, ఆస్పత్రిలో చేరడం లాంటివన్నీ ఒక మూట కట్టి కాంపోజిట్ ఎండ్‌పాయింట్ అంటారు. పేచీ అంతా ఆ మూటను లెక్కగట్టడంలోనే.

పాత పద్ధతిలో రోగికి ఏది ముందు జరిగితే అదే లెక్క. ఆ రోజును కాక్స్ మోడల్‌లో, అంటే ఏ గుంపులో ఘటనలు ఎంత త్వరగా వస్తున్నాయో పోల్చే గణిత పద్ధతిలో వేస్తారు. ఒకాయన 20వ రోజున కాళ్లు వాచి, ఆయాసంతో ఆస్పత్రిలో చేరాడు. రెండు రోజుల్లో ఇంటికొచ్చి ఏడాదంతా బాగానే తిరిగాడు. ఇంకొకాయన 200వ రోజున చనిపోయాడు. ఈ లెక్కలో ఇద్దరిదీ చెరొక ఘటనే. పైగా ఆలస్యంగా జరిగింది కాబట్టి చనిపోయినాయనదే మెరుగైన ఫలితం! నాకు మనసొప్పనిది ఇక్కడే.

2012లో పోకాక్, ఆయన సహచరులు ప్రతిపాదించిన విన్ రేషియో దీన్ని సరిచేస్తుంది. మందు తీసుకున్న ప్రతి రోగినీ, తీసుకోని ప్రతి రోగితోనూ జత కట్టి చూస్తారు. ముందు మరణం: ఇద్దరినీ గమనించిన కాలంలో ఎవరు ముందు పోయారు? తేలకపోతే ఆస్పత్రి, ఆ తర్వాత లక్షణాలు. మందు వైపు గెలుపులను ఓటములతో భాగిస్తే వచ్చేదే విన్ రేషియో. పై ఇద్దరినీ జత కడితే బతికున్నాయనే గెలుస్తాడు.

గుండె వైఫల్యానికి వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందుపై జరిగిన ఎంపల్స్ ట్రయల్‌లో 530 మందిని 90 రోజులు చూశారు. మందు వైపు గెలుపులు 53.9 శాతం, ఓటములు 39.7 శాతం, విన్ రేషియో 1.36. అయితే ఆ గెలుపుల్లో పెద్ద వాటా లక్షణాల ప్రశ్నావళిదే. ఇంకో చిక్కు, సమానంగా తేలిన జతలను ఈ నిష్పత్తి వదిలేస్తుంది. వంద జతల్లో రెండు గెలిచి, ఒకటి ఓడి, 97 సమానమైనా రేషియో 2 అనే వస్తుంది. కాబట్టి సమానాల శాతం పక్కన లేకుండా ఆ అంకెను నమ్మొద్దు.

గుండె వైఫల్యం ట్రయల్ చిన్నదై, రోగి రోజువారీ ఇబ్బంది కూడా ముఖ్యమైతే నా ఓటు విన్ రేషియోకే. మూటలోనివన్నీ దాదాపు ఒకే తీవ్రతవైన పెద్ద నివారణ ట్రయల్స్‌కు పాత పద్ధతి చాలు, డాక్టర్‌కు అర్థమవడమూ తేలిక.

ఏదైనా సరే, విడివిడి అంకెల పట్టిక చూడాల్సిందే. 2002 నాటి లైఫ్ ట్రయల్‌లో 9,193 మందిని దాదాపు సమానంగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు లోసార్టాన్, ఇంకోదానికి అటెనొలాల్, రెండూ రక్తపోటు మందులే. మొత్తం మూట లెక్కలో అటెనొలాల్‌పై లోసార్టాన్ గెలిచింది. విప్పి చూస్తే పక్షవాతాలు లోసార్టాన్ వైపు 232, అటెనొలాల్ వైపు 309. గుండెపోట్లు మాత్రం అదే వరుసలో 198, 188.