ఆరేళ్ల వాడకం తర్వాత ప్లికర్స్, జియోజీబ్రా

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు గణితం బోధిస్తూ ఆరేళ్లుగా ఈ రెండు సాధనాలను, అంటే తరగతి క్విజ్ యాప్ ప్లికర్స్‌ను, గణిత బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాను, వాడుతున్నాను. విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ప్రకటించిన అభ్యసన లక్ష్యాల వర్గీకరణను 2001లో సవరించగా ఏర్పడిన ఆరు స్థాయిలకు, అంటే స్మరణ మొదలు విశ్లేషణ మీదుగా సృజన వరకు, ఒక్కోదానికి కొన్ని యాప్‌లను కేటాయించిన పటం ఒకటి శిక్షణ తరగతుల్లో ఇచ్చారు. క్విజ్ సాధనాలు అట్టడుగు మెట్టున, బొమ్మలు గీసేవి పైమెట్టున ఉన్న ఆ పటాన్ని నేను కూడా స్టాఫ్ రూములో అతికించాను. రెండో ఏడాది నేనే తీసేశాను.

ప్లికర్స్‌కు పిల్లల దగ్గర ఫోన్లు అవసరం లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితపు కార్డు ఉంటుంది. తాము ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటే, ఉపాధ్యాయుడి ఫోన్ కెమెరా తరగతి అంతటి జవాబులనూ చదువుకుంటుంది. కార్డుల ఆకారాలు వేర్వేరు, అక్షరాలు చిన్నవి కనుక పక్కవారిని చూసి తిప్పడం కష్టం. (కార్డులకు మెరిసే లామినేషన్ చేయించి, ట్యూబులైటు వెలుగులో కెమెరా చదవలేక నేను ఒక వారం అవస్థపడ్డాను.) పటం ప్రకారం ఇది స్మరణకు మాత్రమే పనికిరావాలి. అయితే (0, 0), (3, 4) బిందువుల మధ్య దూరాన్ని √(3² + 4²), √(9 + 16), √9 + √16, 3 + 4 = 7 అని నాలుగు వరుసల్లో రాసి, తప్పు మొదట ఎక్కడ దొర్లిందని అడిగిన రోజున సగానికి పైగా కార్డులు నాలుగో వరుసను చూపాయి. జవాబు చెప్పకుండా రెండు నిమిషాలు పక్కవారితో వాదించుకోమని చెప్పి మళ్లీ కార్డులెత్తమంటే, అత్యధికులు మూడో వరుసకు మారారు. అది విశ్లేషణ కాకపోతే మరేమిటి?

జియోజీబ్రాది ఇందుకు తలకిందులైన కథ. 2001లో ఆస్ట్రియాలోని జాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో స్థాపించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. తయారుగా ఉన్న బొమ్మను తెరపై నేను కదుపుతుంటే పిల్లలు చూసిన రోజుల్లో అది ఖరీదైన నల్లబల్లగానే మిగిలింది. ల్యాబులో జట్లుగా కూర్చోబెట్టి చతురస్రం గీయమన్నప్పుడు మాత్రం తేడా బయటపడింది. కంటికి సమానంగా తోచేలా నాలుగు బిందువులు పెట్టి కలిపిన వారి బొమ్మ, ఒక మూలను పట్టి లాగగానే వంకరపోయింది. లంబరేఖలు, వృత్తాలు వాడి నిర్మించిన వారిది ఎంత లాగినా చతురస్రంగానే నిలిచింది. ఎందుకు చెడిందో ఆ జట్లు తామే వెతుక్కున్నాయి; నిర్వచనానికీ నిర్మాణానికీ ఉన్న సంబంధాన్ని నేను ఇంతకు మించి ఎన్నడూ చెప్పలేకపోయాను.

జియోజీబ్రాకు ఒక లోపం ఉంది. అర్ధవృత్తంలోని కోణం, బిందువును ఎక్కడికి జరిపినా 90° అనే చూపుతుంటే, "కనిపిస్తూనే ఉంది కదా సార్, ఇంక నిరూపణ ఎందుకు?" అని ఒక అమ్మాయి అడిగింది. తెర చూపే అంకె దశాంశాలను కుదించి చూపినదనీ, మనం జరిపిన స్థానాలు కొన్నేననీ చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. అప్పటి నుంచి నిరూపణ పాఠం నాడు తరగతిలోని డిజిటల్ తెరను ఆపేసి, సుద్దముక్కతో చేతి బొమ్మను కావాలనే కొంచెం వంకరగా గీస్తున్నాను.