కుక్కపిల్ల కొనేముందు పురుగుల మందు కార్డులో తేదీలు చూడండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసమే ఇది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కుక్కపిల్లని కొనేవాళ్లు కాస్త ఆగండి.

జనవరిలో 14 వేలు పెట్టి లాబ్రడార్ కుక్కపిల్లని తెచ్చుకున్నాం. "నలభై రోజుల పిల్ల సార్, డీవార్మింగ్ అంతా అయిపోయింది" అంటూ, కడుపులో పురుగులకి మందు వేసిన తేదీల కార్డు చేతిలో పెట్టాడు అమ్మినవాడు. మూడో రోజు అది కక్కితే అందులో ఉడికిన సేమియాలా తెల్లటి పురుగు, ఇంకా మెలికలు తిరుగుతోంది. ఫోన్ చేస్తే "పాలు మారాయి కదా, మామూలే" అన్నాడు. పిల్ల హుషారుగానే ఉందని మేమూ వదిలేశాం. అది మా బుద్ధితక్కువ.

మార్చి చివర్లో మా మూడేళ్ల పాపకి రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, ఉండుండి జ్వరం. బెంగళూరు గాలే కారణమనుకున్నాం. రక్తపరీక్షలో ఇస్నోఫిల్స్ (అలర్జీ, పురుగులు ఉంటే పెరిగే తెల్ల రక్తకణాలు) ఏకంగా 28 శాతం! డాక్టరమ్మ వెంటనే అడిగింది: "ఇంట్లో కుక్కపిల్ల ఉందా? పాప మట్టి తింటుందా?" రెండూ ఉన్నాయి. కుక్కపిల్ల బాల్కనీ కుండీలోనే పని కానిచ్చేది. అదే మట్టిని పాప చెంచాతో తవ్వి "అన్నం" వండేది, రుచి కూడా చూసేది.

మరో రక్తపరీక్షలో టాక్సోకారా అని తేలింది, అంటే కుక్కల ఏలికపాము. మలంలో పడ్డ గుడ్లు వెంటనే అంటుకోవు, మట్టిలో రెండు మూడు వారాలు ఉండాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి బతకగలవు. చిన్నపిల్లల కడుపులోకి వెళ్తే లార్వాలు బయటికొచ్చి కాలేయానికి, ఊపిరితిత్తులకి, ఒక్కోసారి కంటికి కూడా పాకుతాయి. మనిషిలో అవి పెద్ద పురుగులుగా ఎదగవు, కాబట్టి మేం ముందే చేయించిన మలపరీక్ష వృథా. పాపకి ఐదు రోజులు ఆల్బెండజోల్ అనే పురుగుల మందు వాడాం. కంటి పరీక్ష రిపోర్టు వచ్చేదాకా మాత్రం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. కన్ను బాగానే ఉంది.

కార్డు వెట్ డాక్టర్‌కి చూపిస్తే నవ్వాడు. పుట్టిన తేదీకి రెండు రోజుల ముందే మొదటి డోసు వేసినట్టు రాసుంది! మందు పేరు లేదు, స్టాంపు లేదు. ఈ పురుగు తల్లి కడుపులోనే పిల్లలకి వస్తుందట, పాల ద్వారా కూడా. అందుకే రెండు వారాల వయసు నుంచే, రెండేసి వారాలకోసారి మందు పడాలి, తల్లికి కూడా. పైగా కుక్కల అమ్మకాలపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మనే కూడదు.

కుక్కని వదిలేయమని మా అత్తయ్య గొడవ. దానికేం తెలుసు పాపం, మందు వేయించి ఉంచుకున్నాం. కుండీలు మాత్రం తీసేశాం. అమ్మినవాడు నా నంబర్ బ్లాక్ చేశాడు. నిన్న మళ్లీ అతని యాడ్ కనిపించింది: కొత్త పిల్లలు, కింద అదే మాట, "డీవార్మింగ్ అయిపోయింది".