ఎంపైర్ స్టేట్ బిల్డింగ్: 86వ అంతస్తు దాకా వెళితే చాలు

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వచ్చే తల్లిదండ్రులకు న్యూయార్క్ చూపించాలనుకునే తెలుగు కుటుంబాలు స్వేచ్ఛా విగ్రహంతో పాటు తప్పకుండా అనుకునే పేరు ఎంపైర్ స్టేట్ బిల్డింగ్. మన్‌హటన్‌లో పైకెక్కి నగరాన్ని చూసే పేరున్న భవనాలు ఇప్పుడు ఐదున్నాయి. ఎత్తులో గానీ, కొత్త హంగుల్లో గానీ మిగిలిన నాలుగింటికన్నా ఇదే మిన్న అని చెప్పలేను. అయినా ఒక్కదానికే డబ్బు పెట్టగలం, ఏది చూడమంటారని అడిగితే, 1931 మే 1న తలుపులు తెరిచిన ఈ పాత భవనంలోని 86వ అంతస్తునే చూడమంటాను. 102వ అంతస్తుకు అదనంగా అడిగే సొమ్మును మాత్రం జేబులోనే ఉంచుకోమంటాను.

86వ అంతస్తు నేలనుంచి 1,050 అడుగుల ఎత్తున, భవనాన్ని నాలుగు వైపులా చుట్టి వచ్చే ఆరుబయటి వసారా. అక్కడ మనకూ ఊరికీ మధ్య అద్దం ఉండదు. గాలి నేరుగా ముఖానికి కొడుతుంది, కింద వీధిలో మోగే హారన్లు పలచగా వినిపిస్తాయి. ఆత్మహత్యలను ఆపడానికి 1947లో కట్టిన ఎత్తైన ఇనుప కంచె మొదట కాస్త అడ్డుగా అనిపించినా, ఊచల మధ్య సందులో ఫోన్ పెట్టి తీసిన ఫొటోలలో అద్దాల గదుల్లో వచ్చే ప్రతిబింబాల బెడద ఉండదు. రాత్రి ఫొటోలలో ఈ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. చలికి, గాలికి ఓర్వలేని వాళ్లు అదే అంతస్తులో వెచ్చగా ఉండే లోపలి భాగంలో నిలబడి కిటికీల గుండా చూడవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చేవారికోసం గోడ ఎత్తు తగ్గించిన చోట్లు, కిందికి అమర్చిన బైనాక్యులర్లు ఉండడం మెచ్చుకోదగిన ఏర్పాటు.

భవనం మన్‌హటన్ దీవి నడుమ ఉండడం దీని అసలు బలం. దక్షిణం వైపు నిలబడితే దగ్గరలో ముక్కోణపు ఫ్లాటైరన్ భవనం, దాని వెనక దీవి కొసన వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్, ఆపైన నీళ్లలో బొటనవేలంత స్వేచ్ఛా విగ్రహం వరుసగా కనిపిస్తాయి. పడమట హడ్సన్ నది, దాని అవతల హోబోకెన్, జెర్సీ సిటీ ఉంటాయి. మన వాళ్లలో చాలామంది ఇక్కడే ఎక్కువసేపు ఆగి తమ ఇల్లు ఏ దిక్కున ఉందో వెతుక్కుంటారు. తూర్పున ఈస్ట్ రివర్, క్వీన్స్, బ్రూక్లిన్. ఈశాన్యంలో క్రైస్లర్ భవనం ఉక్కు శిఖరం. ఒక్క ఉత్తరం వైపే కొంత నిరాశ. 57వ వీధి చుట్టుపక్కల ఇటీవల లేచిన సన్నని నివాస భవనాలు సెంట్రల్ పార్కును చాలావరకు కప్పేస్తున్నాయి.

ఇక 102వ అంతస్తు. 1930ల నాటి కలల ప్రకారం ఈ భవనం తలమీది స్తంభానికి గాలిలో తేలే ఎయిర్‌షిప్‌లను కట్టివేసి, ప్రయాణికులను నేరుగా మన్‌హటన్ నడిబొడ్డున దింపాలి. అంత ఎత్తులో గాలి ఉద్ధృతికి ఆ ఆలోచన సాగలేదు గానీ, స్తంభం మాత్రం మిగిలింది. దాని పైభాగంలో, 1,250 అడుగుల ఎత్తున ఉన్న చిన్న గుండ్రటి గదే 102వ అంతస్తు. స్తంభం కొసన కట్టినది కాబట్టి అది ఇరుకుగా ఉండడం సహజం. 2019లో నేలనుంచి పైకప్పు దాకా కొత్త అద్దాలు అమర్చిన తర్వాత గది అందం బాగా పెరిగిన మాట నిజమే. కానీ అప్పటికే వెయ్యి అడుగుల ఎత్తున నిలబడి చూసినవారికి మరో 200 అడుగుల వల్ల దృశ్యంలో పెద్ద మార్పు కనిపించదు. పైగా అద్దం మళ్లీ అడ్డొస్తుంది. నలుగురు సభ్యుల కుటుంబానికి ఆ అదనపు ఖర్చుతో ఒక పూట భోజనం గడుస్తుంది. భవన నిర్మాణ చరిత్ర మీద ప్రత్యేకమైన మక్కువ ఉన్నవారికి తప్ప ఇతరులకు దానిని సిఫారసు చేయను.

సందర్శన బాగుంటుందా, వృథా అవుతుందా అన్నది వాతావరణం, ఎంచుకున్న వేళ తేల్చే విషయం. టికెట్లు నిర్ణీత సమయానికి ఇస్తారు, ఆన్‌లైన్‌లో కొనడమే మేలు. అయితే నెల ముందే కొని ఉంచడం తెలివైన పని కాదు. మబ్బు కిందికి దిగిన రోజున 86వ అంతస్తు మబ్బులోనే ఉంటుంది, తెల్లటి తెర తప్ప మరేమీ కనిపించదు. అలాంటి రోజుల్లో చూపు ఎంత దూరం ఆనుతుందో ముందే చెప్పే పద్ధతి ఉన్నా, కొన్న టికెట్ డబ్బు వెనక్కి వస్తుందని ఆశించకూడదు. కాబట్టి ఒకటి రెండు రోజుల ముందు వాతావరణ సూచన చూసి కొనాలి. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు బయటి వసారా మూసివేయవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. ఈ భవనం మీద ఏడాదికి సగటున 20కి పైగా పిడుగులు పడతాయి.

వేళ విషయానికి వస్తే, అందరూ కోరుకునే సూర్యాస్తమయమే అన్నిటికన్నా కష్టమైన ఎంపిక. ఆ గంటన్నరలో కంచె పక్కన చోటు దొరకాలంటే భుజాలు రాసుకుంటూ నిలబడక తప్పదు. అందులోనూ జూన్‌లో సూర్యుడు రాత్రి ఎనిమిదిన్నరకు గానీ అస్తమించడు, డిసెంబరులో నాలుగున్నరకే అస్తమిస్తాడు. మన ఊరి లెక్కన ఆరు గంటలకు టికెట్ కొంటే రెండు కాలాల్లోనూ గురి తప్పుతుంది. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు తెరిచిన వెంటనే ఉదయపు వేళను, యువతకు రాత్రి పది తర్వాతి వేళను సూచిస్తాను.

చేరుకోవడం ఎంతో సులువు. న్యూజెర్సీలోని ఎడిసన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ జంక్షన్ వైపు నుంచి వచ్చేవారు ఎన్‌జే ట్రాన్సిట్ రైలులో పెన్ స్టేషన్‌లో దిగి 34వ వీధి వెంట తూర్పుకు పది నిమిషాలు నడిస్తే చాలు. జెర్సీ సిటీ వాళ్లకు పాత్ (PATH) రైలు ఆఖరి స్టేషన్ 33వ వీధి మరీ దగ్గర. కారులో వెళ్లి పార్కింగుకు మరో టికెట్ అంత ఖర్చు పెట్టడం అనవసరం. ఫిఫ్త్ అవెన్యూ వైపున్న ప్రధాన ద్వారం కాకుండా, సందర్శకులకు 34వ వీధిలో వేరే ప్రవేశం ఉంది. దారిలో మెడలో కార్డులు వేసుకొని, బస్సు యాత్రతో కలిపి టికెట్లు అమ్మజూపేవారు ఎదురవుతారు. వారితో మాట కలపకుండా ముందుకు సాగడమే మంచిది.

లోపల విమానాశ్రయంలో మాదిరి తనిఖీ ఉంటుంది. పెద్ద సంచులు, ట్రైపాడ్లు, గాజు సీసాలు వెంట తీసుకెళ్లకూడదు. తనిఖీ దాటాక తెర ముందు నిలబెట్టి తీసే ఫొటో కొనాలన్న నిర్బంధం ఏదీ లేదు, వద్దని చెప్పి కదలవచ్చు. రెండో అంతస్తులోని ప్రదర్శనను మాత్రం తొందరలో దాటవేయకండి. పునాది పనుల నుంచి ఉక్కు దూలాలు బిగించడం దాకా, 410 రోజుల్లో ఇంత కట్టడం ఎలా లేచిందో అక్కడ కళ్లకు కట్టినట్లు చూపించారు. కింగ్ కాంగ్ సినిమాలోని గొరిల్లా వేళ్లు గోడ చీల్చుకొని లోపలికి వచ్చినట్లు అమర్చిన గది పిల్లలకు బాగా నచ్చుతుంది. అక్కడి నుంచి 80వ అంతస్తుకు లిఫ్టులో నిమిషం పడుతుంది, ఆ పైన మరో లిఫ్టు మారాలి.

దుస్తుల గురించి ఒక మాట చెప్పాలి. కింద ఎండ కాస్తున్నా పైన గాలికి చీర చెంగు నిలవదు, వెంట ఒక స్వెటర్ అవసరం. ఆ మాటకొస్తే, ఆ ఐదు భవనాల్లో ఒకటైన, 2021లో తెరుచుకున్న సమ్మిట్ వన్ వాండర్‌బిల్ట్‌లో నేలంతా ప్రతిబింబం చూపే అద్దాలే. అక్కడికి ప్యాంటు వేసుకొని రావడం మంచిదని వాళ్లే చెబుతారు కాబట్టి, చీరలు కట్టుకునే అమ్మలకు, అమ్మమ్మలకు ఎంపైర్ స్టేటే సుఖమైన చోటు.

ఎంపైర్ స్టేట్‌కు సాటిగా నిలిచేది రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ది రాక్ ఒక్కటే. ఎత్తు 850 అడుగులే అయినా సెంట్రల్ పార్కు అక్కడినుంచి చక్కగా కనిపిస్తుంది, పైగా దక్షిణాన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎదురుగా నిలబడి ఉంటుంది. ఎంపైర్ స్టేట్ ఎక్కినవారికి ఆ భవనమే కనిపించదన్నది కాదనలేని లోపం. కొన్ని సంవత్సరాల్లో ఆగస్టు 15న దాని శిఖరాన్ని కాషాయ, తెలుపు, ఆకుపచ్చ దీపాలతో అలంకరించారు. అలాంటి రాత్రి న్యూయార్క్‌లో ఉంటే మాత్రం నా సలహా తిరగబడుతుంది. రాక్‌ఫెల్లర్ సెంటర్‌కు వెళ్లండి, లేదా డబ్బేమీ పెట్టకుండా ఫిఫ్త్ అవెన్యూలో 23వ వీధి దగ్గర మాడిసన్ స్క్వేర్ పార్కు ముందు నిలబడి చూడండి.

రెండు గంటలు కేటాయిస్తే ఈ సందర్శన తీరుబాటుగా ముగుస్తుంది. కిందికి దిగాక ఆకలి వేస్తే భవనం చుట్టుపక్కల తినకుండా, ఆగ్నేయంగా పావుగంట నడిచి లెక్సింగ్టన్ అవెన్యూలో 27, 28 వీధుల దగ్గరికి చేరుకోండి. కర్రీ హిల్ అని పిలిచే ఆ ప్రాంతంలో ఇడ్లీ, దోసె, సాంబారుతో కడుపు నింపే దక్షిణాది హోటళ్లు ఉన్నాయి.