వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ: సిఫిలిస్‌కు ఏ పరీక్ష?

విశాఖపట్నం మహారాణిపేటలో ఒక గర్భిణి రెండు ల్యాబు కాగితాలు పట్టుకుని కంగారుపడడం చూశాను. ఒకదానిలో పాజిటివ్, మరోదానిలో నెగెటివ్.

వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ అనే ఈ రెండు రక్త పరీక్షలూ సిఫిలిస్ సూక్ష్మజీవిని వెతకవు. ట్రెపొనీమా అనే ఆ సూక్ష్మజీవి పైపొరలో ప్రోటీన్లు చాలా తక్కువ కాబట్టి రక్షణ కణాలకు పట్టు చిక్కదు. యాంటీబాడీలు (శరీరం తయారుచేసే రక్షక ప్రోటీన్లు) అంటుకున్నాక మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు చాలావాటిని మింగేస్తాయి, కొన్ని మాత్రం తప్పించుకుని ఏళ్ల తరబడి దాగి ఉంటాయి. ఆ పోరులో పుట్టిన యాంటీబాడీలే మనకు ఆధారం.

వీడీఆర్‌ఎల్ చూసేది కార్డియోలిపిన్ అనే కొవ్వుపై పుట్టినవాటిని. అది మన కణాల్లోనూ ఉంటుంది. అందుకే లూపస్‌లో (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు), ఒక్కోసారి గర్భంతో ఉన్నప్పుడు, సిఫిలిస్ లేకున్నా పాజిటివ్ రావచ్చు. స్లైడు మీద సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరైన ద్రవం), కార్డియోలిపిన్ ఉన్న యాంటిజెన్ ద్రావణం కలిపి నాలుగు నిమిషాలు తిప్పి, సూక్ష్మదర్శినిలో ముద్దలు కట్టాయా అని చూస్తారు. పెన్సిలిన్ పనిచేస్తే, సీరంను ఎంత పలుచన చేసినా పాజిటివ్ వస్తుందో చెప్పే అంకె 1:32 నుంచి 1:8కి దిగుతుంది. నాకు ఇదే దీని అసలు విలువ.

టీపీహెచ్‌ఏ ట్రెపొనీమాపై యాంటీబాడీలనే పట్టుకుంటుంది. పరీక్ష ప్లేటు గుంటలో ట్రెపొనీమా యాంటిజెన్ పూసిన ఎర్రకణాలు చాపలా పరుచుకుంటే పాజిటివ్, అడుగున బొత్తంలా చేరితే నెగెటివ్. అయితే నయమైనా సాధారణంగా జీవితాంతం పాజిటివే.

నిర్ధారణకు రెండూ చేయించండి, చికిత్స తర్వాత వీడీఆర్‌ఎల్‌నే నమ్ముకోండి. గర్భిణులు మాత్రం రెండో పరీక్షను ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు, కడుపులోని బిడ్డకూ సోకుతుంది.