పోలో జీటీలో బిల్‌స్టైన్ బి6 షాక్ అబ్జార్బర్లు: విశాఖ రోడ్ల మీద అనుభవం

నా 2014 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ 80,000 కిలోమీటర్లు దాటేసరికి షాక్ అబ్జార్బర్లు బాగా అలసిపోయాయి. అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మలుపు పూర్తయి స్టీరింగ్ నేరుగా వచ్చాక కూడా బాడీ ఒకసారి ఊగితే గాని కుదుటపడేది కాదు. 105 హార్స్‌పవర్ ఇచ్చే 1.2 లీటర్ల టర్బో ఇంజన్ అంత హుషారుగా ఉన్నప్పుడు, మలుపులో కారును నమ్మలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

మలుపుల్లో కారు అదుపు (హ్యాండ్లింగ్) మెరుగుపడాలని చాలామంది ముందుగా పొట్టి స్ప్రింగులు వేయించి కారును కిందికి దించుతారు. ఎత్తుతో పాటు సస్పెన్షన్ కదలడానికి ఉన్న చోటు కూడా తగ్గుతుంది కనుక, గతుకులున్న మలుపులో బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలికకు చివర అడ్డుగా ఉండే మెత్తని దిమ్మ) తగిలి టైరు పట్టు ఒక్కసారిగా సడలవచ్చు. పైగా మన కాలనీల్లోని స్పీడ్ బ్రేకర్లకు కారు అడుగు గీసుకుపోతుంది. అందుకే కంపెనీ స్ప్రింగులనే ఉంచి, ఆ ఎత్తుకు సరిపోయే బిల్‌స్టైన్ సంస్థ బి6 షాక్‌లు తీసుకున్నాను. దించిన కార్ల కోసం అదే సంస్థ బి8 చేస్తుంది. ఈ రెండూ మోనోట్యూబ్ రకానివి: ఒకే గొట్టంలో నూనెనూ అధిక పీడనంలోని వాయువునూ ఒక తేలే పిస్టన్ విడదీస్తుంది కాబట్టి వరుస మలుపుల్లో నూనె నురగ కట్టదు, వేడి కూడా నేరుగా బయటికి పోతుంది.

బిగింపు దగ్గర మాత్రం చేదు అనుభవం ఎదురైంది. షాక్‌లతో పాటు ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే కడ్డీ) కీళ్లలోని రబ్బరు బుష్‌లు కూడా మార్పించాను. నగరంలోని ఒక వర్క్‌షాప్‌లో కారు లిఫ్ట్ మీద, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేశారు. కారు కిందికి దిగగానే బుష్ రబ్బరు మెలితిరిగి ఉండిపోయింది. బానెట్ అంచు నొక్కితే కిర్రుమనేది, చిన్న గతుకు కూడా చేతుల్లోకి తెలిసేది. వారం తర్వాత గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన కారు బరువు చక్రాల మీదే ఉంచి ఆ బోల్టులు వదులు చేస్తే, రబ్బరు తన చోటికి వస్తూ టక్కుమన్న శబ్దం నేను పక్కనే నిలబడి విన్నాను. ఆయన టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) మళ్లీ బిగించి, అలైన్‌మెంట్ చేయించుకోమని పంపారు. ఆ పనితనానికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

ఆ తర్వాత అదే ఘాట్‌లో స్టీరింగ్ తిప్పిన క్షణంలోనే ముక్కు మలుపు వైపు తిరుగుతోంది, బ్రేకు వేస్తే ముందుకు వాలడం చాలా తగ్గింది, ఎడమ నుంచి కుడికి వెంటవెంటనే తిరిగే చోట్ల ఊపు అసలు మిగలడం లేదు. ఎన్ఏడీ ఫ్లైఓవర్ అతుకులు ఒకే దెబ్బలో దాటిపోతున్నాయి. తక్కువ వేగంలో మాత్రం గట్టిదనం తెలుస్తుంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మ స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా పోనీయమంటోంది, ఆ మాట న్యాయమే.

కొనేవారు స్ట్రట్ మౌంట్లు (ముందు షాక్, స్ప్రింగు కలిసిన స్ట్రట్‌ను పైన బాడీకి పట్టి ఉంచేవి), బంప్ స్టాపులు, కొత్త బోల్టులు, అలైన్‌మెంట్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. పాత మౌంట్ మీద కొత్త షాక్ వేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా శబ్దం రావచ్చు. భీమిలి వైపు తీరం వెంట రోజూ నడిపేవారు స్ప్రింగు కింది పళ్లెంలో చేరే ఉప్పునూ ఇసుకనూ నెలకోసారైనా మంచినీళ్లతో కడిగించుకోవాలి. నా పాత స్ట్రట్లు విప్పినప్పుడు తుప్పు ఎక్కువగా కనిపించింది అక్కడే.